పైలట్ల కొరత: పక్క సీటులో ఎవరున్నారు?

ఈ సంక్రాంతికి కోనసీమలోని మా ఊరు వెళ్ళాను. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని ఇంటికి తిరిగి వచ్చేసరికి వీధి అరుగు మీద ఒక తల్లీ కొడుకూ నా కోసం కూర్చుని ఉన్నారు. ఆమె తండ్రి మధుమేహానికి ఇరవై ఏళ్ళపాటు నా దగ్గర మందులు వాడిన మనిషి. కుర్రవాడికి ఇరవై రెండేళ్ళు. విమానం నడపడం నేర్చుకుని వాణిజ్య పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు. ఎకరంన్నర కొబ్బరి తోట అమ్మి, చాలని దానికి బ్యాంకులో అప్పు చేసి చదివించారు. ఇప్పుడు చిన్న విమానాలు నడిపే ఒక సంస్థ పెట్టిన పరీక్షలో నెగ్గి, కో-పైలట్ శిక్షణకు పిలుపు అందుకున్నాడు.

"శుభవార్తే కదమ్మా, ముఖం అలా పెట్టావేమిటి?" అన్నాను.

"శుభవార్తేనండి డాక్టరు గారూ. కానీ మా తోడికోడలు ఒక లెక్క చెప్పిందండి. వీడు గాలిలో ఉన్నది మొత్తం 205 గంటలేనటండి. అంటే ఎనిమిదిన్నర రోజులండి. ఎనిమిదిన్నర రోజుల అనుభవం ఉన్న పిల్లవాడి చేతికి డెబ్బై మంది ప్రాణాలు ఎలా అప్పగిస్తారే అందండి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి. పైలట్లు దొరక్క వీణ్ణి తీసుకుంటున్నారా, వీడు పనికొస్తాడని తీసుకుంటున్నారా? మీరైతే వీడు నడిపే విమానం ఎక్కుతారాండి?"

కుర్రవాడు తల వంచుకుని చెప్పుల వంక చూస్తున్నాడు. ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. చెప్పవలసినది రెండు ముక్కలలో తేలేది కాదు గనుక, ఇంటికి వచ్చి ఇక్కడ రాస్తున్నాను. విమానయానం నా విద్య కాదు. అయితే ప్రాణాలు చేతిలో పెట్టుకున్న మనిషికి అనుభవం చాలనప్పుడు, పైగా నిద్ర కూడా చాలనప్పుడు ఏమవుతుందో ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో చూసినవాణ్ణి. ఆ మేరకు ఈ విషయం మీద మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

మొదట మన సంగతి. మధురపూడి విమానాశ్రయం బ్రిటిషువారి కాలం నాటిది. 1980లలో వాయుదూత్ చిన్న విమానాలు వచ్చి వాలితే చూడడానికి చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు కంచె దగ్గర చేరేవారు. ఈనాడు రన్‌వే మూడు కిలోమీటర్లు దాటింది. 2024 డిసెంబరు నుంచి ఢిల్లీకి, ముంబయికి పెద్ద విమానాలే నేరుగా వెళ్తున్నాయి. అయినా చాలా ఏళ్ళుగా మన రెండు గోదావరి జిల్లాల వారికి విమానమంటే రెండు ప్రొపెల్లర్లు, డెబ్బై పైచిలుకు సీట్లు ఉన్న ఏటీఆర్ విమానమే. పెద్దాసుపత్రికి వెళ్ళే రోగులు, అమెరికా పిల్లల దగ్గరకు బయలుదేరే అమ్మమ్మలు, తాతయ్యలు దానిలోనే హైదరాబాదు చేరేవారు. ఇటువంటి విమానాలు నడిపే సంస్థలు ఎంత తొందరగా పుడతాయో అంత తొందరగా పోతాయి. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో ఆగిపోయింది. హైదరాబాదు కేంద్రంగా 2015లో మొదలై మన ఊరికి కూడా విమానాలు నడిపిన ట్రూజెట్ 2022లో ఆగింది. చిన్న సంస్థలో పని నేర్చుకున్న పైలట్ నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చే పెద్ద సంస్థకు పోతాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయి తిరిగిన యువ వైద్యుడు కార్పొరేట్ ఆసుపత్రికి పోయినట్లే ఇది. ఎవరినీ తప్పు పట్టలేము. కానీ ఖాళీ అయిన కుర్చీలో మళ్ళీ కొత్తవాడే కూర్చుంటాడు.

రాబోయే పదిహేను ఇరవై ఏళ్ళలో దేశానికి 30,000 మంది పైలట్లు కావాలని పౌర విమానయాన శాఖ మంత్రి, మన శ్రీకాకుళం వారైన కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు పలుమార్లు చెప్పారు. ఆ మాట పేపర్లో చదివి ఎన్ని కుటుంబాలు పొలాలు అమ్ముతున్నాయో! శిక్షణకు అరకోటికి పైగా ఖర్చవుతుంది. విమాన సంస్థలే నడిపే క్యాడెట్ పథకాలలోనైతే కోటి దాటుతుంది. మరోవైపు లైసెన్సు చేతిలో పెట్టుకుని రెండేళ్ళు, మూడేళ్ళు ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న పిల్లలూ ఉన్నారు. కొరత ఉందంటున్నారు, పిల్లలేమో ఖాళీగా ఉన్నారు. ఇదెలా పొసగుతుంది? ఎలాగంటే, కొరత ఉన్నది 200 గంటల పిల్లలకు కాదు. వాళ్ళ పక్కన కూర్చుని నేర్పే కెప్టెన్లకు. మన దేశంలో వాణిజ్య లైసెన్సుకు 200 గంటలు చాలు. కెప్టెన్ కావడానికి కావలసిన పై లైసెన్సుకు 1,500 గంటలు ఉండాలి. శిక్షకుడు కావాలంటే అంతకంటే ఎంతో ఎక్కువ. డబ్బు ఉంటే ఏడాదిన్నరలో లైసెన్సుదారును తయారు చేయవచ్చు. నేర్పగల కెప్టెన్‌ను ఏ ధరకూ ఏడాదిన్నరలో తయారు చేయలేము.

ఇది నాకు కొత్త విషయం కాదు. బోధనాసుపత్రులలో హౌస్ సర్జన్లకు ఏనాడూ కొరత లేదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చి చేయి పట్టుకుని చూపించే సహాయ ఆచార్యులకే కొరత. ఎం.బి.బి.ఎస్. పాసై, ఏడాది హౌస్ సర్జన్సీ చేసి, రిజిస్ట్రేషను నంబరు వచ్చిన మరునాడు ఆ వైద్యుడు చట్టం దృష్టిలో పూర్తి వైద్యుడే. తన దృష్టిలో ఏమిటో మొదటి రాత్రి డ్యూటీలో తెలుస్తుంది.

నా సంగతే చెబుతాను. 1980ల మొదట్లో, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. డెల్టాలోని ఒక చిన్న ఆసుపత్రి, పేరు అనవసరం. పై డాక్టరు గారు సెలవులో ఉన్నారు. ముందు రోజు ఉదయం నుంచి నేనొక్కణ్ణే. పురుగు మందు తాగినవారు ఇద్దరు, ఒక కష్టమైన కాన్పు, పాము కాటు ఒకటి. రెండవ రాత్రి మూడింటికి ఆరేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చారు. ఉబ్బసం, పెదవులు నల్లబడుతున్నాయి. అప్పట్లో అమినోఫిలిన్ సూదిమందే మాకు దిక్కు. "ఆంపూల్ మొత్తం మెల్లగా నరానికి ఎక్కించండి" అని నర్సుకు చెప్పి కుర్చీలో కూలబడ్డాను. ఒక ఆంపూల్ 250 మిల్లీగ్రాములు, పెద్దవాళ్ళ మోతాదు. ఆ పిల్లవాడి బరువు పద్దెనిమిది కిలోలు ఉంటే ఎక్కువ. తొంభై మిల్లీగ్రాములు ఇవ్వవలసినచోట రెండున్నర రెట్లకు పైగా చెప్పాను. గుండె లయ తప్పడానికి, మూర్ఛలు రావడానికి అది చాలు.

ఆ సిస్టరు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆంపూల్ చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడింది. "ఏమిటి ఆలస్యం?" అని కసిరాను. "డాక్టరు గారూ, బాబు బరువు ఒక్కసారి చూస్తారాండి?" అంది. నా తప్పు అనలేదు, మోతాదు ఎక్కువ అనలేదు. బరువు చూడమంది. చూశాను. నా చేతులు చల్లబడ్డాయి. ఆ పిల్లవాడు తెల్లవారేసరికి లేచి ఇడ్లీ అడిగాడు. నలభై ఏళ్ళు దాటినా ఆ "బరువు ఒక్కసారి" అన్న మాట నాకు వినబడుతూనే ఉంటుంది. ఆ రాత్రి నాకు తక్కువైంది చదువు కాదు. ఉబ్బసం మోతాదులు నాకు కంఠస్థం. తక్కువైంది నిద్ర. ఆ పిల్లవాణ్ణి కాపాడింది, పక్కన ఉన్న అనుభవజ్ఞురాలు నోరు తెరవడం.

ఇప్పుడు విమానాల దగ్గరకు వస్తాను. అనుభవం తక్కువ పైలట్ల గురించి ఎక్కడ చర్చ జరిగినా అమెరికాలోని బఫెలో ప్రమాదం ప్రస్తావనకు వస్తుంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ విమానం ఒక ఇంటి మీద కూలింది. విమానంలోని 49 మంది, నేల మీద ఒకరు, మొత్తం 50 మంది చనిపోయారు. బాంబార్డియర్ క్యూ400 రకం, మన ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానం. వేగం తగ్గిపోతున్నదని హెచ్చరిక మోగితే విమానం ముక్కు కిందికి దించవలసిన కెప్టెన్ పైకి లాగాడు. అంతకుముందు కొన్ని పరీక్షలలో తప్పినవాడు ఆయన. ముందు రాత్రి విమానాశ్రయంలోని సిబ్బంది గదిలోనే కాలక్షేపం చేశాడు. కో-పైలట్ ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. దేశానికి ఆ చివర సియాటెల్ దగ్గర తల్లిదండ్రుల ఇంటి నుంచి రాత్రంతా సరుకుల విమానాలలో ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. పైగా జలుబు. ఆమె తుమ్ములు కాక్‌పిట్ రికార్డులో ఉన్నాయి. వైద్యుడిగా ఆ వివరం చదివినప్పుడు మనసు కలుక్కుమంది. ఆ స్థితిలో ఉన్న మనిషిని నేను స్కూటరు కూడా నడపనివ్వను.

చనిపోయినవారి కుటుంబాలు పట్టు వదలకుండా పోరాడాయి. ఫలితంగా 1,500 గంటలు లేనిదే విమాన సంస్థలలో కో-పైలట్‌గా కూడా పనికిరారని అమెరికా చట్టం చేసింది. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. కూలిన విమానంలోని ఇద్దరికీ 1,500 గంటలు దాటాయి. కెప్టెన్‌కు మూడు వేలకు పైగా, ఆ అమ్మాయికి రెండు వేలకు పైగా ఉన్నాయి. అంటే ఆ ప్రమాదం తరువాత వచ్చిన నియమం ఆ ప్రమాదాన్ని ఆపగలిగేది కాదు. దానితోపాటే విశ్రాంతి నియమాలను కూడా కఠినం చేశారు, 2014 నుంచి అమలు చేశారు. నా దృష్టిలో అసలు మందు అది. 1,500 అంకె మాత్రం రోగి కళ్ళకు కనిపించే కట్టు వంటిది. ఆ గంటలు నింపుకోవడానికి పిల్లలు ఒంటి ఇంజను విమానాలలో ఎండపూట పొలాల మీద చుట్లు తిరుగుతారు. వెయ్యి సార్లు బి.పి. చూసినవాడికి ఆపరేషను చేయడం వచ్చినట్లు!

మన దేశంలోనూ ఇదే కనబడుతుంది. 2010 మే 22 తెల్లవారుజామున మంగళూరులో దుబాయి నుంచి వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించారు. కెప్టెన్ పదివేల గంటలు దాటిన అనుభవజ్ఞుడు. ప్రయాణంలో గంటన్నరకు పైగా ఆయన నిద్రలో ఉన్నారని, లేచిన తరువాత మెదడుకు పట్టిన మగత నిర్ణయాలను దెబ్బతీసిందని విచారణ తేల్చింది. దిగవద్దు, మళ్ళీ పైకి లేపమని కో-పైలట్ మూడుసార్లు చెప్పాడు. వినలేదు. పదేళ్ళ తరువాత, 2020 ఆగస్టు 7న, కోళికోడ్‌లో వర్షంలో మరో విమానం అలాగే రన్‌వే దాటిపోయింది. 21 మంది మరణించారు, పైలట్లిద్దరూ వారిలో ఉన్నారు. అక్కడా కెప్టెన్‌కు పదివేల గంటల పైమాటే; అక్కడా కో-పైలట్ పైకి లేపమన్నాడు. చెప్పాడు గానీ, పరిస్థితి చేయి దాటుతున్నా అదుపు తన చేతిలోకి తీసుకోలేకపోయాడు. తీసుకోవాలని నియమం చెబుతుంది. మన సంస్కృతిలో ఇరవైల వయసు కుర్రవాడు యాభైల వయసు పెద్దమనిషి చేతి నుంచి పగ్గాలు లాక్కోవడం ఎంత కష్టమో నియమం రాసినవారికి తెలియదు.

కోళికోడ్ విచారణ నివేదికలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ స్థావరంలో కో-పైలట్లు 26 మంది ఉంటే కెప్టెన్ ఒక్కడే ఉన్నాడట. మరునాటి ఉదయం విమానం కూడా తానే నడపవలసి ఉండడం వల్ల, ఎలాగైనా అక్కడే దిగాలన్న పట్టుదల ఆయనలో పనిచేసిందని నివేదిక అభిప్రాయం. ఆ సంస్థ సిబ్బందిని పంచుకున్న తీరులోని లోపంగా దాన్ని చూపారు. కొరత అన్నది ఎక్కడ ఎలా పొంచి ఉంటుందో చూడండి. అది 200 గంటల పిల్లవాడి రూపంలో మాత్రమే రాదు. "రేపు నేను రాకపోతే నడిపేవాడు లేడు" అనే ఆలోచనగా అనుభవజ్ఞుడి తలలో కూర్చుంటుంది. జ్వరంతో ఓ.పి. చూసిన ప్రతి ప్రభుత్వ వైద్యుడికీ ఆ ఆలోచన తెలుసు.

అలాగని 200 గంటలు చాలునని నేను అనడం లేదు. ఆ 200 గంటలు నిజమైనవి కావాలి ముందు. 2011లో దొంగ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందినవారు బయటపడ్డారు. రాజస్థాన్‌లో ఎగరని గంటలను ఎగిరినట్లు లాగ్‌బుక్‌లో రాయించుకున్న కేసులు వచ్చాయి. అది అనుభవరాహిత్యం కాదు, శుద్ధ మోసం. నిజంగా ఎగిరిన గంటలే అయితే, తరువాత ఏ విమానం నడపాలో దాని సిమ్యులేటరులో శిక్షణ ఉంటుంది, ఆపైన ప్రయాణికులతో వెళ్ళే విమానంలో శిక్షక కెప్టెన్ పక్కన నెలల తరబడి పని నేర్చుకోవడం ఉంటుంది. ఐరోపాలోని పెద్ద పెద్ద సంస్థలు దశాబ్దాలుగా ఇలా రెండు వందల గంటల పిల్లలనే తీసుకుని మంచి పైలట్లను తయారు చేస్తున్నాయి. పిల్లవాడు కొత్తవాడు కావడం ఆపద కాదు. కొరత పేరుతో ఆ నెలలను వారాలుగా కుదించడం, నిన్న కెప్టెన్ అయినవాడి పక్కన నేడు కో-పైలట్ అయినవాణ్ణి కూర్చోబెట్టడం, అలసిన గురువును నిద్రమత్తులో ఉన్న శిష్యుడికి జత చేయడం ఆపద.

ఇక నిద్ర గురించి. ఇది అచ్చంగా నా శాఖ. 1997లో డాసన్, రీడ్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు నేచర్ పత్రికలో చిన్న వ్యాసం ప్రచురించారు. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతికీ కంటికీ ఉండే పొందిక, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని, ఇరవై నాలుగు గంటలకు అది 0.10 శాతంతో సమానమవుతుందని చూపారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. అంటే ఉదయం ఐదింటికి లేచి రాత్రి పదింటికి ఇంకా పనిలో ఉన్నవాడు, చుక్క ముట్టకపోయినా, చట్టం దృష్టిలో తాగి నడిపేవాడితో సమానం. పైలట్లు విమానం ఎక్కేముందు గొట్టంలో ఊదాలి, సున్నా రావాలి. పన్నెండు గంటల ముందు నుంచీ మద్యం ముట్టరాదు. చాలా మంచి నియమం. నిద్ర ఎంత బాకీ ఉందో కొలిచే గొట్టం మాత్రం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. దానికి ఉన్న ఒకే ఒక గొట్టం డ్యూటీ గంటల నిబంధన.

ఆ నిబంధనకు గత డిసెంబరులో ఏమైందో అందరం చూశాం. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ, రాత్రిపూట ఒక డ్యూటీలో దిగే సంఖ్యను ఆరు నుంచి రెండుకు తగ్గిస్తూ 2024 జనవరిలో నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నియమాలు ప్రకటించింది. వాయిదాలు పడి పడి 2025 జూలైలో కొంత, నవంబరు 1 నుంచి మిగతాది అమలులోకి వచ్చింది. సిద్ధం కావడానికి దాదాపు రెండేళ్ళు దొరికింది. అయినా డిసెంబరు మొదటి వారంలో దేశంలోకెల్లా పెద్ద సంస్థ ఇండిగో తగినంత మంది పైలట్లు లేక వేలాది విమానాలను రద్దు చేసింది. శంషాబాదులో జనం నేల మీద పడుకున్నారు. అప్పుడు ప్రభుత్వం ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చింది. సెలవును వారపు విశ్రాంతి కింద లెక్కించరాదన్న నియమాన్ని అన్ని సంస్థలకూ ఉపసంహరించింది. ప్రయాణికుల కష్టం నిజమే, కాదనను. కానీ రోగికి జ్వరం తగ్గలేదని థర్మామీటరు అంకెలు మార్చితే ఎలా? విమానాలు ఎన్ని ఎగరాలో ముందు నిర్ణయించి, దానికి తగినట్లు మనుషుల నిద్రను కుదించడం నాకు వైద్యపరంగా అంగీకారం కాదు. ఉన్న పైలట్లు విశ్రాంతిగా నడపగలిగినన్ని విమానాలకే టిక్కెట్లు అమ్మమనాలి. మధురపూడికి రోజుకు ఒక విమానం తగ్గితే గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఉంది.

మన పాత్ర కూడా కొంత ఉంది. ఒక శీతకాలం ఉదయం హైదరాబాదు నుంచి వస్తున్నాను. గోదావరి మీద నుంచి లేచిన పొగమంచు మధురపూడిని కప్పేసింది. విమానం చుట్లు తిరిగి తిరిగి వెనక్కు వెళ్ళిపోయింది. లోపల ఎంత గొడవ! "ఈ పిల్ల పైలట్లకు ధైర్యం చాలదు" అన్నాడు నా పక్కాయన. పెళ్ళికి అందుకోవాలట. నేనైతే ఆ కాక్‌పిట్‌లో కూర్చున్న ఇద్దరికీ మనసులో నమస్కారం చేసుకున్నాను. దిగకూడదని నిర్ణయించగలిగినవాడే పైలట్. కోయకూడదని నిర్ణయించగలిగినవాణ్ణే మా వాళ్ళు మంచి సర్జన్ అంటారు.

చివరగా, ఎవరూ మాట్లాడని విషయం ఒకటి ఉంది. అప్పు. కోళికోడ్ నివేదికలోనే మరొక వివరం వైద్యులందరూ చదవదగినది. వైద్యుల సలహా లేకుండా వాడిన మధుమేహపు మందుల వల్ల రక్తంలో చక్కెర స్వల్పంగా తగ్గి, కెప్టెన్ ఆలోచనాశక్తి కొంత మందగించి ఉండవచ్చని అందులో ఉంది. అంత పెద్దమనిషి వైద్యునికి చెప్పకుండా మందులు ఎందుకు వాడి ఉంటారో నేను ఊహించదలచుకోలేదు. అయితే లైసెన్సు పోతుందన్న భయంతో జబ్బులు దాచడం ఈ వృత్తిలో ఉన్నదేనని ప్రపంచమంతా ఒప్పుకుంటుంది. వైద్య పరీక్షలో ఒక్క అంకె తేడా వస్తే జీతం ఆగుతుంది. ఇరవై రెండేళ్ళ పిల్లవాడి నెత్తిన అరకోటి అప్పు ఉన్నప్పుడు, నిద్ర పట్టడం లేదనో, మనసు బాగా లేదనో, గుండె దడగా ఉందనో ఏ వైద్యునితో చెబుతాడు? అలసిపోయాను, ఈ రోజు నడపలేను అని ఏ మేనేజరుకు రాస్తాడు? ఆ మాట రాసినందుకు శిక్ష ఉండదని, జీతం కోత ఉండదని, తాత్కాలికంగా నేల మీద కూర్చోబెడితే కుటుంబం రోడ్డున పడదని నియమం ఉండాలి. ఉన్నదని కాగితం మీద చెబితే చాలదు. కొత్తగా చేరిన కుర్రవాడు నమ్మాలి. ప్రతి సంస్థా, ప్రతి స్థావరంలోనూ కెప్టెన్లు ఎందరు, కో-పైలట్లు ఎందరు, నెలలో అలసట కారణంగా ఎందరు డ్యూటీ మానుకున్నారు అన్నవి బహిరంగంగా ప్రకటించాలని కూడా నా అభిప్రాయం. ఒక నెలలో ఒక్కరూ మానుకోలేదని రాస్తే, అక్కడ అలసట లేదని కాదు, చెప్పుకునే ధైర్యం లేదని నేను అర్థం చేసుకుంటాను.

ఆనాడు అరుగు మీద ఇదంతా చెప్పలేదు. కుర్రవాణ్ణి ఒక ప్రశ్న మాత్రం అడిగాను. "బాబూ, కెప్టెన్ తప్పు చేస్తున్నాడని నీకు అనిపించింది. ఆయన నీ ఉద్యోగం గురించి రిపోర్టు రాసేవాడు. ఏం చేస్తావు?"

వాడు కాసేపు ఆలోచించాడు. "చెప్తానండి తాతగారూ. రెండోసారి కూడా చెప్తాను. మూడోసారి కంట్రోల్స్ నేను తీసుకోవాలండి, అలాగే నేర్పారు." ఆగి, "తీసుకోగలనో లేదో మాత్రం ఇప్పుడు చెప్పలేనండి," అన్నాడు.

తల్లి వైపు తిరిగి, వీడు నడిపే విమానం ఎక్కుతానమ్మా అన్నాను. అయితే వాడి పక్కన ఎవరు కూర్చున్నారో, ముందు రాత్రి ఇద్దరూ ఎన్ని గంటలు పడుకున్నారో తెలిస్తే ఇంకా ధైర్యంగా ఎక్కుతాను. వాడితో ఒక ఒప్పందం కూడా చేసుకున్నాను. జలుబు చేసి సిట్రిజిన్ బిళ్ళ వేసుకోవాలనిపించినా, నిద్ర పట్టక ఏదైనా మింగాలనిపించినా, వేసుకోకముందు నాకు ఫోను చేయాలి. జలుబు బిళ్ళలు ఎంత మగత తెస్తాయో వాడికి తెలుసు గానీ, తెల్లవారి డ్యూటీ ఉన్న రాత్రి ఆ తెలివి ఎంతవరకు పనిచేస్తుందో నాకు తెలుసు. వచ్చే నెలలో వాడికి సిమ్యులేటరు శిక్షణ మొదలవుతుంది. నా నంబరు వాడి ఫోనులో, వాడి నంబరు నా ఫోనులో రాసుకున్నాము. వేళాపాళా చూడవద్దని చెప్పాను. ఈ వయసులో నాకు ఎలాగూ మూడింటికే మెలకువ వస్తుంది.